కొండమీద గాలి పల్చన

"నీ తమ్ముణ్ణి ఇవాళే బయటికి తేవాలి," అన్నాడు డైరెక్టర్.

గుమాస్తా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని గుమాస్తా అనే పిలుస్తారు. ఇన్నేళ్ల గూఢచారి ఉద్యోగంలో ఏ దేశం వెళ్లినా, ఏ వేషం కట్టినా, అతను సంతకం కోసం ఫైలు పట్టుకుని నిలబడ్డవాడిలాగే కనిపించాడు. అదే అతని ప్రాణాన్ని కాపాడుతూ వచ్చింది. పెద్ద మీసమూ నల్లకళ్లద్దాలూ పెట్టుకుని తిరిగినవాళ్లంతా ఎప్పుడో గోడమీద దండ వేసిన ఫోటోలైపోయారు.

"వేరేవాళ్లని పంపుదామనుకున్నాను. సొంత మనిషి విషయంలో చెయ్యి వణుకుతుందని. కానీ ఎవరూ ఖాళీగా లేరయ్యా."

"నా మోకాళ్లు కూడా ఖాళీగా లేవు సార్. చెప్పండి."

డైరెక్టర్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. విదేశీ ముఠా ఒకటి రేసింగ్ టీమ్ ముసుగులో దిగి, మన రక్షణశాఖలో మనుషుల్ని కొంటోంది. రెండేళ్లుగా తమ్ముడు మన తరఫున ఆ టీమ్‌లో మెకానిక్. అమ్ముడుపోయిన మనవాళ్ల పేర్లన్నీ వాడి బుర్రలో ఉన్నాయి. నిన్న ముఠాకి అనుమానం తగిలింది. వాడు కొండెక్కి, పైనున్న సొరంగం దగ్గర పొదల్లో దాక్కున్నాడు.

"టీమ్ దగ్గర రెండు కార్లున్నాయి. ఒకటి టర్బో, ఇంకోటి టర్బో లేని మామూలు ఇంజన్, ఎన్‌ఏ అంటారు. రెండింటినీ పోల్చి రాయడానికి నువ్వు కార్ల పత్రిక విలేకరిగా వెళ్తున్నావు. ఎన్‌ఏ కారు టెస్ట్ డ్రైవ్‌కి అడుగు. ఆ ఇంజన్ నీ తమ్ముడు ట్యూన్ చేసిందే. దాని చప్పుడు విని, స్టీరింగ్ దగ్గర నిన్ను చూస్తేనే వాడు పొదల్లోంచి లేస్తాడు. ఎక్కించుకుని సొరంగం దాటెయ్. అవతల మనవాళ్లుంటారు."

"ఇంకెవరికి తెలుసు?"

"మిణుగురుకి. వాడు దాక్కున్న కబురు మోసింది ఆవిడే."

బయటికొస్తుంటే గాడ్జెట్ల సెక్షన్ వాడు ఒక పెన్ను జేబులో పెట్టాడు. లోపల కెమెరా ఉందట. పోయినసారి కూడా అదే పెన్ను, అదే కెమెరా. అప్పుడూ పనిచెయ్యలేదు. మెట్ల దగ్గర మరదలి ఫోన్ వచ్చింది.

"బావగారూ, ఆయన్ని తెచ్చెయ్యండి. ఇంకేమీ వద్దు."

"తెస్తానమ్మా," అన్నాడు గుమాస్తా. తల్లి పోయాక తన చేతుల్లో పెరిగిన పిల్లాడు వాడు. ఆ పేర్లు, ఆ రక్షణశాఖ, అవన్నీ డైరెక్టర్‌కి కావాలి. తనకి వాడు కావాలి.

*

టీమ్ షెడ్డు కొండ కిందే ఉంది. పెట్రోలు వాసన, గోడకి వరసగా వేలాడుతున్న స్పానర్లు, ఒక మూల బానెట్ తెరిచి ఉన్న టర్బో కారు. గుమాస్తా పెదవి మీద అంటించిన మీసం దురద పెడుతోంది.

ఎన్‌ఏ కారు రయ్యిమని వచ్చి అతని ముందాగింది. లోపల ఎర్ర చేతితొడుగులు, పట్టు స్కార్ఫు, సినిమా పోస్టర్ మీంచి దిగొచ్చినట్టున్న ముఖం. మిణుగురు. ముఠా పక్షాన కారు తోలుతూ, మన పక్షాన కబుర్లు మోసే మనిషి.

"పత్రికవారా? ఏ ఇంజన్ ఇష్టం మీకు?" కోడ్ వాక్యం అది.

"ఊపిరున్నది ఏదైనా," అన్నాడతను. ఈ కోడ్‌లు ఎవరు రాస్తారో గానీ, వాళ్లకి వేరే పని చూపించాలి.

"అయితే వినండి," అంది నవ్వుతూ, అందరికీ వినిపించేలా. "ఎన్‌ఏ మనలాంటిది. దొరికిన గాలే పీలుస్తుంది. క్యామ్ మార్చి, ఎగ్జాస్ట్ మార్చి, ఎంత ఒళ్లు వంచినా ట్యూనింగ్‌లో పెరిగేది పిసరంత. కానీ చెప్పినమాట వింటుంది. టర్బో అలాకాదు. బయటికి పోయే పొగతోనే ఒక ఫ్యాన్ తిప్పి, గాలిని లోపలికి కుక్కుతుంది. ఆ ఒత్తిడి, అదే బూస్ట్, పెంచితే చాలు, గుర్రాల మంద. కాకపోతే యాక్సిలరేటర్ మీద కాలు వేశాక ఒక క్షణం ఆలోచించుకుంటుంది. వేడీ ఎక్కువే."

"కొండ మీద?"

"కొండ మీద గాలి పల్చన కదా. ఎన్‌ఏ ఆయాసపడుతుంది. టర్బో లెక్కచెయ్యదు." గొంతు తగ్గించింది. "మీరు ఎన్‌ఏ తీసుకుని ముందు వెళ్లండి. నేనిక్కడ వీళ్లని మాటల్లో పెడతాను. వెంట రాలేను, టర్బోని నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. అది వాళ్ల కోచ్ బండి."

గుమాస్తా తలూపాడు. అప్పుడే ఒక సంగతి అతనికి ముల్లులా తగిలింది.

కారు ఆగి ఇంతసేపైంది. ఇన్ని మాటలైనా ఆవిడ ఇంజన్ ఆపలేదు. వేళ్లు తాళం చెవి మీదున్నాయి, కళ్లు డ్యాష్‌బోర్డు మీదికి పోతున్నాయి. ఇంకాసేపు ఆగి, అప్పుడు తాళం తిప్పింది.

తమ్ముడు ఎన్నిసార్లు చెప్పాడు! "టర్బో తోలేవాడిని పట్టుకోవడం తేలికన్నయ్యా. గట్టిగా తోలొచ్చాక టక్కున ఆపడు. కాసేపు ఊరికే తిరగనిస్తాడు. లేకపోతే లోపల ఆయిలు మాడిపోతుంది. అలవాటు పడ్డ చెయ్యి ఎన్‌ఏ బండిలో కూర్చున్నా అదే పని చేస్తుంది. పిచ్చిమొహాలు!"

ఎన్‌ఏకి ఆ మర్యాదలేవీ అక్కర్లేదు. ఈ చెయ్యి రోజూ టర్బో తోలుతున్న చెయ్యి. మరి ముట్టుకోలేదని అబద్ధమెందుకు? తన కారు చప్పుడుకి తమ్ముడు లేచి నిలబడగానే వెనకనుంచి వచ్చి పడటానికి. తను వేటకాడు వెంట తీసుకెళ్లే ఎర.

ఛీ, వెధవ ఉద్యోగం, అనుకున్నాడు గుమాస్తా. కోపం కంటే ముందు నీరసం వచ్చింది. నమ్మినవాళ్లు మోసం చెయ్యడం అతనికి కొత్త కాదు, ప్రతిసారీ మళ్లీ ఓపిక తెచ్చుకోవడమే కష్టం. చాటుకి వెళ్లి రేడియో తీశాడు. కొండల మధ్య అది గరగరమంది తప్ప మనిషి గొంతు పలకలేదు. తను వెళ్లకపోతే చీకటి పడకముందే ముఠా కొండంతా గాలిస్తుంది. వెళ్లక తప్పదు.

మిణుగురు హెల్మెట్ తేవడానికి లోపలికి వెళ్లింది. గుమాస్తా టర్బో కారు బానెట్ మీదికి వంగాడు. "పత్రిక్కి ఫోటో," అన్నాడు అక్కడున్నవాళ్లతో, పెన్ను చూపించి. కెమెరా సంగతెలా ఉన్నా దాని క్లిప్పు స్క్రూ గాడిలో చక్కగా కూర్చుంది. టర్బో నుంచి ఇంజన్‌కి గాలి మోసే రబ్బరు పైపు బిగింపుని నాలుగు చుట్లు వదులు చేశాడు. నెమ్మదిగా తోలితే నిలుస్తుంది. బూస్ట్ నిండా ఎక్కిందా, ఊడుతుంది. తన అనుమానం తప్పైతే ఎవరో కోచ్ నాలుగు తిట్లు తిడతాడు, అంతే.

*

మొదటి మలుపుల్లో ఎన్‌ఏ పాటలా సాగింది. పైకి పోయేకొద్దీ గొంతు బొంగురుపోయింది. కాలు ఎంత నొక్కినా కారు "వస్తున్నానుండవయ్యా" అన్నట్టే కదిలింది. మనం మనం ఒకటే, అనుకున్నాడు గుమాస్తా.

అద్దంలో టర్బో కనిపించింది.

తొందరేమీ లేకుండా, దూరం పాటించి వస్తోంది. అదే అతన్ని భయపెట్టింది. తొందరపడితేగానీ పైపు ఊడదు. ఆవిడకి తొందరపడాల్సిన పనే లేదు. మలుపు తర్వాత మలుపు. ఊడవేమే తల్లీ, అని మొక్కుకున్నాడు.

చివరి మలుపు తిరిగాడు. ఎదురుగా సూటి రోడ్డు, చివర సొరంగం నోరు. పొదల్లోంచి బక్కపల్చని మనిషి లేచాడు. చెయ్యి ఊపుతున్నాడు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర ఊపినట్టే.

"పడుకోరా! వెధవా, పడుకో!" గుమాస్తా అరుపు అద్దాల్లోనే ఆగిపోయింది.

వెనక టర్బో ఒక క్షణం ఆలోచించుకుంది. తర్వాత ఒక్క దూకులో పక్కకి వచ్చేసింది. కిటికీ దిగి ఉంది. ఎర్ర చేతితొడుగులో పిస్తోలు, గురి తమ్ముడి గుండె మీద.

ఢామ్మని పేలింది.

పేలింది పిస్తోలు కాదు, వదులు చేసిన పైపు. టర్బో దగ్గి, నల్లటి పొగ కక్కి, ముక్కు నేలకేసి ఆగింది. ఆ కుదుపుకి పిస్తోలు రోడ్డు మీద పడి లోయలోకి జారిపోయింది. మిణుగురు నుదురు స్టీరింగ్‌కి కొట్టుకుంది. గుమాస్తా కారు ఆయాసపడుతూనే ఆవిణ్ణి దాటి తమ్ముడి పక్కన ఆగింది.

"ఎక్కు!"

వాడు ఎక్కాడు. సొరంగం కారుని మింగేసింది.

అవతల డిపార్ట్‌మెంట్ మనుషులు మిణుగురు కోసం సొరంగంలోకి పరిగెత్తారు. రేడియోలో ఇప్పుడు డైరెక్టర్ గొంతు చక్కగా పలికింది. "శభాష్! పెన్ను పనిచేసిందా?"

"బ్రహ్మాండంగా సార్."

"మీసం ఊడింది చూసుకో," అన్నాడు తమ్ముడు. "పైగా సెకండ్ గేర్ చంపేశావు. ఎన్నాళ్లు కష్టపడ్డానో తెలుసా ఈ బండి మీద?"

గుమాస్తా కారు పక్కకి తీసి ఆపాడు. ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. చేతులు స్టీరింగ్‌ని వదలడం లేదు.

"ఆపెయ్యన్నయ్యా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఇది ఎన్‌ఏ. చల్లారాల్సిన పనిలేదు."

"ఇంజన్‌కి కాదురా," అన్నాడు గుమాస్తా. "కాసేపుండు. ముందు నీ పెళ్లానికి ఫోన్ చెయ్యి."