తొమ్మిదో షరతు

ఆ పొద్దున మూడో మనిషికి డెబ్బై ఎనిమిది పడింది. బల్ల మీద పచ్చదీపం వెలిగింది, ఒడంబడిక మీద ముద్ర పడింది, అతను వనమాలకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె ఇష్టమాపకం పట్టీని మందుగుడ్డతో తుడిచి, నాలుగో మనిషి కోసం కుర్చీ సర్దింది. ఒక్కొక్కరికి పద్దెనిమిది నిమిషాలు ఇస్తారు. ఆమెకు పన్నెండు చాలు.

ఆ దేశంలో పరాయి పనివాణ్ణి పంపించెయ్యాలంటే ఇప్పుడు వేలిముద్ర ఒక్కటే సరిపోదు. ఇరవయ్యేళ్ళ కిందట గాలిగనుల కార్మికులు సమ్మె చేసి మరీ ఈ చట్టం తెప్పించుకున్నారు. విరమణ ఒడంబడికకు మనిషి మనసారా ఇష్టపడాలి. ఆ ఇష్టాన్ని నాడి, చెమట, గొంతు చూసి యంత్రం కొలవాలి. డెబ్బై పడితే పచ్చ, చెల్లుబాటు; ఇరవై కిందికి దిగితే ఎరుపు, ఇష్టం లేనట్టు. భయపెట్టి సంతకం పెట్టించుకునే రోజులు పోయాయని అందరూ మురిసిపోయారు.

తర్వాత కంచే చేను మేసింది. ఇష్టమంటే ఏమిటో యంత్రానికి నేర్పినప్పుడు, సంబరంగా ఇంటికి పోతున్నవాళ్ళ నాడిని చూపించి నేర్పారు. అందుచేత మనిషి మనసు ఇంటిమీదికి పోతే చాలు, ఎదుట ఏ షరతు చదువుతున్నా సరే, అది ఇష్టమని రాసేసుకుంటుంది. ఈ సంగతి సంస్థలకు బాగా తెలుసు. అందుకే ఏ జిల్లా పనివాళ్ళకు ఆ జిల్లా దుబాసీనే వెతికి తెచ్చుకుంటాయి. ఇంటి ముచ్చట ఇంటివాళ్ళు అడిగినట్టు ఇంకెవరు అడగగలరు?

వనమాలది కోరుట్ల. తొమ్మిదేళ్ళలో వెయ్యి నూట ముప్పై ఆరు పచ్చలు వెలిగించింది. ఎరుపు ఒక్కటీ లేదు.

నాలుగో మనిషి పేరు పోశెట్టి. మెట్‌పల్లి పక్క పల్లె, యాభై రెండేళ్ళ వయసు. గాలిగనిలో, అంటే ఆకాశంలోంచి బొగ్గుపులుసు వాయువును వడకట్టే గోపురాల్లో, పదకొండేళ్ళు తెరలు దులిపాడు. ఆ తెరల మీది తెల్లపొడి మనిషి లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. తలుపు నుంచి కుర్చీకి ఎనిమిది అడుగుల దూరం. అతను మధ్యలో ఒకసారి ఆగి గోడ పట్టుకున్నాడు. కూర్చున్నాక వనమాల అతని చేతికి పట్టీ కట్టింది.

గోడతెర మీద సంస్థ ప్రతినిధి కోర్విన్ చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు. అతని మాటను యంత్రమే తెలుగు చేస్తుంది.

"తమరికి శుభోదయం. తమ సేవలను సంస్థ ఎన్నడూ మరువదు. ఒడంబడికను తమరు పఠించితిరా?"

పోశెట్టి వనమాల వైపు తిరిగాడు. "సద్విన మేడం. అన్ని మంచిగనే ఉన్నయి. గా తొమ్మిదోదొక్కటి తీసెయ్యమని చెప్పుండ్రి."

"మేడం అనకు కాకా. మాది కోరుట్లనే. తొమ్మిదోదాంట్ల ఏం తప్పున్నది?"

"అబద్దమున్నది బిడ్డా."

తొమ్మిదో షరతు ఒక్కటే వాక్యం. 'నేను ఈ దేశానికి ఏ ఊపిరితో వచ్చానో, అదే ఊపిరితో తిరిగి వెళ్తున్నాను.' తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. దానికి పచ్చ పడిందా, ఊపిరితిత్తులు కడిగే వైద్యం సంస్థ బాధ్యత కాకుండా పోతుంది. ఆ వైద్యం ఈ దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. పనివాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు. చెప్పమని ఏ నియమమూ లేదు, అందుకని వనమాల కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఆమె పోశెట్టి కోరికను కోర్విన్‌కు వినిపించింది. అతను బాధపడుతున్నట్టు తల ఊపాడు.

"తొమ్మిదవది అందరికీ సమానము, తొలగించజాలము. అయినను తమ నిష్కల్మషతను గౌరవించి ఒక సవరణ చేయుదుము. తమ ప్రయాణము వచ్చే నెలలో గదా. దానిని ఈ గురువారమునకు మార్చెదము."

"బేస్తారమా?" అన్నాడు పోశెట్టి.

బల్ల మీద నలభై ఒకటి దగ్గరున్న అంకె యాభై ఎనిమిదికి ఎక్కింది.

"విమానాశ్రయము నుండి తమ గృహద్వారము వరకు వాహనము కూడ ఏర్పాటు చేయుదుము."

అరవై నాలుగు.

పోశెట్టి అంకెల వైపు చూశాడు. పట్టీ కట్టిన చేతిని బల్ల మీంచి కొంచెం ఎత్తి, మళ్ళీ దించాడు. అంకె కదల్లేదు.

"ఇదేంది బిడ్డా? బేస్తారం ఇంటికి పోతనంటే పానం లేసొచ్చింది, నిజమే. గని తొమ్మిదోదానికి నేను ఔ అంటలేను. నేను వద్దంటాన, ఈ పెట్టె ఔనంటాంది."

"మాట కంటె దేహమే సత్యవాది," అన్నాడు కోర్విన్. వనమాల వైపు చూసి గడియారం మీద వేలు పెట్టాడు. ఇంకో ఆరు అంకెలు ఎక్కించమని దాని అర్థం. ఆ ఆరు ఎక్కించడానికి ఆమెకు ఒక్క ప్రశ్న చాలు.

అలవాటు కొద్దీ నోరు దానంతట అదే అడిగేసింది. "ఈసారి పసుపు ఉడకబెట్టిన్రా కాకా?"

పోశెట్టి మొహం విప్పారింది. "ఇంకా లేదు. తవ్వుతాన్రట. ఊరంత మిషన్లొచ్చినయి గని మా ఇంట్ల ఇంకా కడాయే. ఉడుకుతాంటే వాడకట్టంత వాసన గుప్పుమంటది. మా ఇంటామె రాజవ్వ పొద్దుగాల్నే లేసి పొయ్యి అంటువెడ్తది..."

అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. ఈ క్షణంలోనే తొమ్మిదో షరతు చదవాలి. చదివితే పచ్చ వెలుగుతుంది. ఇన్నేళ్ళుగా ఆమె చేసింది అదే.

వనమాలకు ఒళ్ళు మండింది. బేరమంటే ఒకడు ఇచ్చేది, ఒకడు పుచ్చుకునేది ఉండాలి కదా. వీళ్ళు ఇస్తున్నదేమిటి? పోశెట్టి ఇల్లు, పోశెట్టి వాడకట్టు, పోశెట్టి పసుపు. అతని ఊరినే అతనికి లంచంగా పెట్టి, అతని ఊపిరి రాయించుకుంటున్నారు. ఆ లంచం వాళ్ళ చేత్తో ఇవ్వడం లేదు, తన నోటితో ఇప్పిస్తున్నారు. కోర్విన్ మీదా యంత్రం మీదా వచ్చిన కోపం కంటే తన నాలుక మీద వచ్చిన కోపమే ఆమెకు ఎక్కువైంది.

ఆమె షరతు చదవలేదు. ఇంకో ప్రశ్న అడిగింది.

"ఉడికేటప్పుడు ఆ పొగల నిలవడి కలిపేదెవలు కాకా?"

"నేనే. ఇంకెవలున్నరు?"

"ఇప్పుడు నిలవడ్తవా?"

పోశెట్టి నోరు తెరిచాడు. జవాబుకు బదులు దగ్గు వచ్చింది. అది తగ్గేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను కడాయి దాకా ఊహలో నడిచి వెళ్ళి, అక్కడ ఊపిరాడక నిలబడిపోయాడని ఆమెకు అర్థమైంది. అంకె అరవై తొమ్మిది నుంచి నలభైకి, అక్కణ్ణుంచి పద్నాలుగుకు పడిపోయింది. ఆ గదిలో మొదటిసారి ఎర్రదీపం వెలిగింది.

"దుబాసీ పొరపాటున కొలత చెడినది," అన్నాడు కోర్విన్ చప్పున. "రద్దుపరచి పునఃప్రారంభించుడు."

బల్ల మీద రెండు మీటలు వెలిగాయి, 'రద్దు', 'నిలుపు'. వనమాల రెండింటినీ ముట్టుకోలేదు.

"కాకా, ఇను. ఎరుపు నిలిపితే నీ కాయితం బహిరంగ విచారణకు పోతది. బేస్తారం పోవుడుండది. ఆర్నెల్లు పట్టొచ్చు. నిలిపితే నీ పక్క గెలుస్తదని కూడ చెప్పలేను. రద్దు చేస్తే రెండు నిమిషాలల్ల పచ్చ పడ్తది, ఇంటికి పోతవ్. గని నీ ఊపిరితిత్తులు కడిగే వైద్యం ఇక్కడనే ఉన్నది. తొమ్మిదోదానికి ఔనంటే అది నీకు రాదు."

"కడిగితే బాగైతదా?"

"శానామందికి అయింది. కడగకుంటే రెండేండ్లంటరు డాక్టర్లు."

"నాకు ఎవ్వలు చెప్పకపోయిరి."

"నేనే చెప్పలే. నీకు ముందటోళ్ళకు గూడ చెప్పలే."

పోశెట్టి తిడతాడేమో అనుకుంది, తిడితే బాగుండుననుకుంది. అతను తిట్టలేదు.

"పదకొండేండ్లు ఆళ్ళ దుమ్ము మింగిన," అన్నాడు. "ఆర్నెల్లు ఉండలేనా? నిలుపు బిడ్డా."

ఆమె నిలుపు మీట నొక్కింది. ఎరుపుకు ముద్ర పడింది. వెంటనే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఎరుపు పడితే అడగాలని చట్టంలో ఉన్నదే, ఇన్నేళ్ళలో అవసరం పడలేదు, అంతే. 'ఈ దుబాసీ తీసిన పాత కొలతల మీద సందేహం ఉన్నదా?' కింద 'లేదు' అని ముందే గుర్తు పెట్టి ఉంది. వనమాల ఆ గుర్తును చెరిపి 'ఉన్నది' అని పెట్టింది. కారణం రాయమంటే ఒక్క ముక్క రాసింది: 'తప్పుడు ప్రశ్నలు నేనే అడిగాను.'

మూసిన ఒడంబడికలు పునర్విచారణకు తెర మీద ఒక్కొక్కటే తెరుచుకోసాగాయి. మొదటిది తొమ్మిదేళ్ళ కిందటిది. వెయ్యి నూట ముప్పై ఆరు పేర్లు, ఒకదాని కింద ఒకటి.

కోర్విన్ నవ్వు మానేశాడు. అతను ఏదో గట్టిగా అన్నాడు గానీ దానికి తగిన మర్యాద మాట దొరకలేదేమో, యంత్రం తెలుగు చేయలేదు. కాసేపటికి గొంతు సర్దుకున్నాడు.

"తమ పని అనుమతి నేటి సాయంత్రము ఐదు గంటలకు ముగియును. రేపటి జాబితాలో తమ పేరుండును. తమరు ఆ కుర్చీలో ఆసీనులు కావలెను."

"కూసుంట," అంది వనమాల. "మా జిల్లాకు నేనొక్కదాన్నే దుబాసీని. నన్ను మా ఊరి ముచ్చట ఎవలు అడుగుతరో సూస్త."

పోశెట్టిని తలుపు దాకా నడిపించి వచ్చి గడియారం చూసింది. పదకొండున్నర. సాయంత్రం లోగా పిలవాల్సినవాళ్ళు బయట ఇంకా ఏడుగురున్నారు. పట్టీ తుడిచి, కుర్చీ సర్ది, తర్వాతి పేరు పిలిచింది.

గంగనర్సయ్యకు ముప్పై ఐదేళ్ళుంటాయి. నవ్వుకుంటూ వచ్చి కూర్చుని, తనే చెయ్యి చాపి పట్టీ కట్టించుకున్నాడు.

"మా ఊరి ముచ్చట అడుగుతవట గదక్కా. మావోళ్ళు చెప్పిన్రు. అడుగు మరి."

"అది తర్వాత. ముందుగాల ఒక పెద్ద ఊపిరి తీసుకో తమ్మీ."

అతను ఇంకా నవ్వుతూనే ఊపిరి పీల్చాడు. సగంలోనే దగ్గాడు. వనమాల ఒడంబడిక తెరిచి, తొమ్మిదో షరతు దగ్గర చదవడం మొదలుపెట్టింది.