పెద్దాయన పదవీ విరమణ

నేను ఆ బ్లడ్ బ్యాంక్‌లో అడుగుపెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు, అప్పుడే చివాట్లు తిన్నాను.

"చెప్పులు బయట వదలండి. చేతులు జేబులో పెట్టుకోండి. పెద్దాయన్ని ముట్టుకోవద్దు," అంది సర్వర్ రూమ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డ ఆపరేటర్ అమ్మాయి.

"పెద్దాయన ఎవరండీ?"

బీరువా అంత ఎత్తున్న నల్లటి సర్వర్‌ని చూపించింది. పద్నాలుగేళ్లుగా ఆగకుండా నడుస్తోందట. అలాంటి ప్రాసెసర్‌ని ఇప్పుడు కొనేవాళ్లు లేరు. ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీలు ఒక్కొక్కటే దానికో దండం పెట్టి తప్పుకున్నాయి. ఆఖరున మిగిలిన కంపెనీ కూడా ఇక కొత్త వెర్షన్లు లేవు, దొంగలు దూరే కన్నాలు పూడ్చే ప్యాచ్‌లు లేవు అని ఉత్తరం రాసేసింది. అందుకే డేటాని కొత్త సర్వర్‌లోకి మార్చడానికి మా ఆఫీసు నన్ను పంపింది.

"అయితే ఈయన పాత ఇనుప సామాన్లకేగా?" అన్నాను నవ్వుతూ.

నవ్వింది నేనొక్కణ్నే.

రెండు రోజుల్లో ఫైళ్లన్నీ ట్రయల్‌గా కాపీ చేసి, కాలరెగరేసుకుంటూ స్క్రీన్ చూపించాను. ఆ అమ్మాయి ఒక పొడవాటి నోట్‌బుక్ తెరిచింది. అందులో రోజుకి రెండు గళ్లు. మెషిన్ చెప్పిన లెక్క ఒకటి, ఫ్రిజ్ తలుపు తీసి కళ్లతో చూసి రాసిన లెక్క ఇంకొకటి. వాళ్ల నాన్న ఇక్కడ ఆపరేటర్‌గా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పద్ధతట. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

"ఈ అరుదైన గ్రూపు రక్తం ఫ్రిజ్‌లో రెండు బ్యాగులుంది. మీ కొత్త సర్వర్ ఎంతంటోంది?"

చూశాను. మూడు కోట్ల ముప్ఫై అయిదు లక్షల చిల్లర.

"ఊరు ఊరంతా వచ్చి చెయ్యి చాపినా అంత రాదు సార్!"

నా మొహంలో నెత్తురు చుక్క లేదు. పాత ప్రాసెసర్ ప్రతి సంఖ్యనీ పెద్ద స్థానం ఉన్న కొస నుంచి దాచుకుంటుంది, కొత్తది ఒకట్ల స్థానం ఉన్న చిన్న కొస నుంచి. ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి పెడితే సంఖ్యలు తిరగబడతాయి. కాలేజీలో మార్కులు కూడా తెచ్చుకున్న పాఠమే అది.

ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. "మీ మేనేజర్‌తో మాట్లాడాను," అంది తిరిగొచ్చి. నా పని అయిపోయిందనుకున్నాను. విచిత్రంగా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అక్కణ్నుంచి ఆ అమ్మాయి పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. ఫ్యాన్ చప్పుడు కొంచెం మారితే చాలు, ఏ డిస్క్ అలిసిపోయిందో చెప్పేసేది. ఇంత శ్రద్ధగా పని చేసే మనిషిని నేను చూడలేదు. చూస్తూ ఉండిపోవాలనిపించేది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరం వరండాలో ఇరుక్కుపోయాం.

"పెద్దాయన ఆగిన రోజే నా కాంట్రాక్టూ ఆగిపోతుంది," అంది వాన చినుకుల్లోకి చెయ్యి పెట్టి.

నేనెంత బాగా పని చేస్తే ఈ అమ్మాయి అంత తొందరగా వెళ్లిపోతుందన్నమాట! మర్నాటి నుంచి నా పని నత్తనడక పట్టింది. చూసిందే మళ్లీ చూశాను, సరిచేసిందే మళ్లీ సరిచేశాను.

వారం తర్వాత పట్టుబడ్డాను.

"రెండ్రోజుల పనికి వారం ఎందుకు పట్టింది?"

"మీరు వెళ్లిపోతారని," అన్నాను. నోట్లోంచి నిజమే వచ్చేసింది.

ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఈయనకి ప్యాచ్‌లు రావడం లేదు. మీరు ఒక్క రోజు సాగదీస్తే ఆ ఒక్క రోజూ మా తలుపులు బార్లా తెరిచిపెట్టినట్టే. లోపలున్నది జనం ప్రాణాలు. నా మీద ఇష్టముంటే పని పూర్తి చేయండి."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండు రోజుల్లో పూర్తి చేశాను. రెండు గళ్లూ ప్రతి గ్రూపుకీ కలిశాయి.

ఆఖరి రోజు మధ్యాహ్నం వాళ్ల నాన్న వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. "మా పెద్దాయన్ని ఆపేది నువ్వేనా బాబూ?" అన్నారు.

"ఆపేది మీ అమ్మాయే సార్. నేను పక్కన నిలబడతాను."

ఆ అమ్మాయి సర్వర్ తలుపు మీద ఒక్క క్షణం అరచెయ్యి ఆనించి కమాండ్ కొట్టింది. ఫ్యాన్లు నెమ్మదించి ఆగిపోయాయి.

"మీ మేనేజర్‌కి ఎందుకు ఫోన్ చేశాననుకున్నారు?" అంది ఆ అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

"నా మీద కంప్లైంటు."

"కంప్లైంటే. అంతా విని ఆయన, 'మీరే మా దగ్గర చేరొచ్చుగా' అన్నారు. ఇలాంటి పెద్దాయనలు ఇంకా పదకొండు మంది మీ ఆఫీసు చేతిలో ఉన్నారట. సోమవారం చేరుతున్నాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నేను వెళ్లిపోతానని తెలిసీ పని పూర్తి చేస్తారో లేదో చూద్దామని."

వాళ్ల నాన్న కళ్లజోడు సవరించుకున్నారు. "ఇంత పని తెలిసిన కుర్రాడివి, మధ్యలో వారం ఎందుకు దండగ చేశావు బాబూ?"

నేను ఆ అమ్మాయి వైపు చూశాను.

"నా కోసం నాన్నా."

"మరి చివర్లో అంత తొందరగా ఎలా పూర్తయింది?"

"అదీ నా కోసమే."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "ఇవాళ్టి ఫ్రిజ్ లెక్క ఇద్దరూ కలిసి చూసి రండి. తప్పు రాశావో, మా అమ్మాయి ఊరుకోదు."

ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ అమ్మాయి ఫ్రిజ్ తలుపు తీసి ముందుగా ఆ అరుదైన గ్రూపు లెక్క చెప్పింది. నేను రాశాను, రెండు బ్యాగులు.