ధూమకేశి ఇంటి దాది

విరజాపురం రాజ్యంలో ఆవులు పాలివ్వడం మానేశాయి. గేదెలూ మేకలూ కూడా అంతే. ఆఖరికి పసిపిల్లల తల్లులకు కూడా పాలు ఎండిపోతూండేసరికి జయంతవర్మ మహారాజుకు దిగులు పట్టుకుంది. కారణం చెవులున్న ప్రతివాడికీ తెలుసు. ఉత్తరాన నల్లగుబ్బ కొండ మీద ధూమకేశి అనే రాక్షసికి కొడుకు పుట్టాడు. పుట్టిన నాటి నుంచి వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు గాలిలో తేలివచ్చి ఎవరి చెవిన పడితే వాళ్ళకు పాలు ఇంకిపోయేవి.

రాజు మొదట సైన్యాన్ని పంపాడు. సైనికులు వెళ్ళిన దానికి రెట్టింపు వేగంతో తిరిగివచ్చారు. వాళ్ళ వెనకే ధూమకేశి కోటగుమ్మం దాకా వచ్చి, తనకు కత్తులవాళ్ళు అక్కర్లేదనీ, పిల్లవాణ్ణి సముదాయించే దాదిని పంపమనీ చెప్పి వెళ్ళింది. రాజు దండోరా వేయించాడు. ఒకరి తరవాత ఒకరుగా తొమ్మిదిమంది దాదులు కొండెక్కారు. ఒక్కరూ దిగిరాలేదు.

వాళ్ళలో అందరికన్నా ముందు వెళ్ళిన దాది పేరు నాంచారి. ఆమెకు పేరిందేవి అని పద్నాలుగేళ్ళ చెల్లెలు ఉంది. వాళ్ళ అమ్మమ్మ ఊరందరికీ పురుళ్ళు పోసిన మంత్రసాని. అమ్మమ్మ పోయాక నాంచారే చెల్లెలికి తల్లయింది. వారంలో వచ్చేస్తానన్న అక్క నెల దాటినా రాకపోయేసరికి, పేరిందేవి నేరుగా రాజసభకు వెళ్ళి ఆ దాది ఉద్యోగం తనకిమ్మని అడిగింది. సభలో కొందరు నవ్వారు గానీ, తాము వెళతామని మాత్రం ఎవరూ అనలేదు. రాజు సరేనన్నాడు. సేనాపతి ఆమెను పక్కకు పిలిచి, విషం పూసిన చిన్న బాకు చేతిలో పెట్టి, అదను చూసి పిల్లవాణ్ణి పొడిచెయ్యమని చెవిలో చెప్పాడు.

ఆ మాటకు పేరిందేవికి ఒళ్ళు జలదరించింది. అయినా అంత పెద్ద మీసాల మనిషికి ఎదురు చెప్పే ధైర్యం లేక బాకు తీసుకుంది. ఇంటికి వచ్చి అమ్మమ్మ వాడిన మూట కట్టుకుంది. అందులో కాసిని తమలపాకులు, గుప్పెడు వాము, వెదురు గొట్టంలో చారెడు ఆముదం ఉన్నాయి. తెల్లవారగానే బయలుదేరింది.

అడవిలో పోయేకొద్దీ ఏడుపు దగ్గరవుతోంది. చెట్లకు ఆకుల్లేవు, పిట్టల అలికిడి లేదు. తన అడుగుల చప్పుడుకే తాను ఉలిక్కిపడుతూ నడుస్తున్న పేరిందేవికి ఒక పొద పక్కన ఎవరో కదిలినట్టయి పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే ఆయన ఒక ముసలి ముని. చెవుల్లో దూది కుక్కుకుని, తపస్సు సాగక విసుగెత్తి కూర్చుని ఉన్నాడు. ఆమె సైగలు చేస్తే దూది తీసి, వచ్చిన పని విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. పిల్లవాడి ఏడుపు ఆపలేని దాదులందరినీ ధూమకేశి కంచు దీపపుసెమ్మెలుగా మార్చేసిందనీ, వాళ్ళ తలల మీద ప్రమిదలు వెలుగుతున్నాయనీ చెప్పాడు.

"ఆ ప్రమిదలో నూనె నలభై రోజులు వస్తుంది తల్లీ. నూనె అయిపోయిన సెమ్మె మళ్ళీ మనిషి కాదు. పొయ్యడానికి అక్కడ చుక్క నూనె దొరకదు, రాక్షసులకు గానుగలుండవు. మీ అక్క ఈ దారిన వెళ్ళి ఇవాళ్టికి నలభయ్యో రోజు" అన్నాడు ముని.

పేరిందేవి గబగబా మూట విప్పింది. మూటలో ఆముదపు గొట్టం ఉందో లేదో తడిమి చూసుకుంది. చారెడే కావచ్చు, అక్క ప్రమిదలో పోస్తే ఇంకో రెండు రోజులైనా వెలుగుతుంది. ఆ గొట్టాన్ని గుండెకు హత్తుకుని పరుగులాంటి నడకతో కొండ చేరింది.

కొండ మెట్ల దగ్గర తాటిదూలమంత ఉడుము ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. పేరిందేవి దూరంగానే ఆగిపోయింది. దాదిగా వచ్చానని ఎలాగో చెప్పింది. అది కళ్ళు తెరవకుండానే చేతులు చాపమంది. చీలిన నాలుకతో ఆమె అరచేతులూ వేళ్ళ చివరలూ మెల్లగా తడిమింది. ఆ నాలుక చల్లదనానికి ఆమె భుజాల దాకా గడ్డకట్టినట్టయింది.

"గోళ్ళు కత్తిరించుకుని వచ్చావు. దాదివే. మరి నడుము దగ్గర ఇనుము వాసనేమిటి?" అంది ఉడుము.

అబద్ధమాడితే అక్కడితో సరి. నిజం చెప్పినా అంతేనేమో. పేరిందేవి బాకు తీసి లోయలోకి విసిరేసింది. అది తనకు వద్దని మొదటే చెప్పాల్సిందనీ, చెప్పడానికి భయపడ్డాననీ ఒప్పుకుంది. ఉడుము తోక పక్కకు తీసి దారి ఇచ్చింది.

గుహలో చీకటి. ఆ చీకట్లో వరసగా తొమ్మిది దీపాలు. దగ్గరికి వెళితే ఒక్కొక్క దీపం కిందా చతికిలపడి కూర్చున్న ఒక్కొక్క ఆడమనిషి, కంచు ముఖం, రెప్ప వెయ్యని కళ్ళు. అన్నిటికన్నా లోపలిది నాంచారి. ఆమె ప్రమిదలో వత్తిని తడిపిన నూనె తప్ప ఇంకేమీ లేదు. పేరిందేవి ఆమె పక్కకు చేరింది. గొట్టం మూత తీయబోతూండగా వెనకనుంచి పొగ వాసన వేసింది.

"ఏమే పిల్లా, పనికి వచ్చావా, దీపాలు చూడ్డానికి వచ్చావా?" అంది ధూమకేశి. ఆమె జుట్టు పొగలా గుహ పైకప్పంతా కమ్ముకుని ఉంది. ఎదురుగా వేలాడుతున్న ఇనప ఉయ్యాల చూపించి ఊపమంది. ఉయ్యాలలోంచే ఏడుపు వినిపిస్తోంది.

పేరిందేవి గొలుసు పట్టుకోబోయి ఆగింది. బిడ్డ ఉన్నాడో లేడో చేత్తో తడిమి చూడకుండా ఉయ్యాల ముట్టకూడదని అమ్మమ్మ నేర్పిన మొదటి పాఠం. కళ్ళు గట్టిగా మూసుకుని ఆ చీకటి గుంటలోకి చెయ్యి పెట్టింది. నమిలి పారేసిన ఎముకలు తగిలాయి. బిడ్డ లేడు.

"ఖాళీ ఉయ్యాల ఊపకూడదు తల్లీ. మీ బాబుకు మంచిది కాదు" అంది పేరిందేవి.

ఏడుపు ఉయ్యాలలోంచి వస్తున్నట్టు వినిపించడం దాదిని పరీక్షించే మాయ. రాక్షసి ఆమెను తేరిపార చూసింది. తరవాత పొగజుట్టు పాయల మధ్యనుంచి దూడంత పిల్లవాణ్ణి తీసి బయట పెట్టింది. వాడి ఏడుపుకు గుహ గోడలు అదిరాయి. ఒక గంగాళం నిండా కాల్చిన మాంసమూ గడ్డపెరుగూ తెచ్చి, గరిటె అందించి, వాడు ఏడ్చినప్పుడల్లా పెట్టమనీ, ఏడుపు ఆగితే ఆ తొమ్మిదిమందినీ తీసుకుపొమ్మనీ, ఆగకపోతే పదో సెమ్మె కావలసిందేననీ చెప్పింది.

పేరిందేవి గరిటె అందుకుని సెమ్మెల వైపు చూసింది. అప్పుడు కనిపించింది. తొమ్మిదిమంది చేతుల్లోనూ గరిటెలున్నాయి. అక్క చేతిలో కూడా. అందరూ భయపడి, రాక్షసి పెట్టమన్నంతా పెట్టారు. పిల్లవాడి కడుపు మీద చెయ్యి వేసి చూస్తే డోలులా బిగిసిపోయి ఉంది. వాడికి పళ్ళయినా రాలేదు.

ఈ మాట చెప్పాలి. చెప్పవలసింది ఎవరికో తలుచుకుంటే ముచ్చెమటలు పోస్తున్నాయి.

"నేను పెట్టను. వాడికి ఆకలి కాదమ్మా, అరక్క కడుపునొప్పి. మూడు నెలల పిల్లాడికి మాంసం పెట్టి నువ్వే ఏడిపిస్తున్నావు" అంది పేరిందేవి.

ధూమకేశి అరిచిన అరుపుకు కొండ రాళ్ళు దొర్లాయి. పొగ వచ్చి పేరిందేవి మెడకు చుట్టుకుంది. ఊపిరాడకపోయినా ఆమె అక్క సెమ్మె పక్కనే కింద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లవాణ్ణి తన కాళ్ళ మీద పడుకోబెట్టమని సైగ చేసింది. ఇన్నాళ్ళలో ఎవరూ వాణ్ణి ఒళ్ళోకి అడగలేదు. రాక్షసి తెల్లబోయింది. మెడ చుట్టూ పొగ వదులైంది.

కాళ్ళ మీద బరువు పడగానే పేరిందేవి ఆముదపు గొట్టం తీసింది. తీసి, అక్క దీపం వైపు చూసింది. వత్తి చివర వేరుశనగ గింజంత మంట మిగిలింది. ఉన్నది చారెడు నూనె. అది అక్కకు పోస్తే పిల్లవాడికి లేదు, పిల్లవాడికి రాస్తే అక్కకు లేదు. ఆమె ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. వాడేమో నొప్పికి మెలికలు తిరుగుతూ ఆమె చీరకొంగు పట్టుకున్నాడు. దూడంత పిల్లవాడైతేనేం, పట్టు మాత్రం పసిబిడ్డదే.

ఆముదమంతా వాడి పొట్ట మీద ఒంపేసింది. చెయ్యి చాస్తే అందే దీపం అక్కదొక్కటే. తమలపాకులు ఆ కొనమంట మీదే వెచ్చచేసి, వాడి బొడ్డు చుట్టూ పరిచింది. వాము నమిలి మెత్తచేసి నాలుకకు రాసింది. మోకాళ్ళు మడిచి పొట్టకు నొక్కింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు.

ఉన్నట్టుండి పిల్లవాడి కడుపులోని గాలి బయటికి వచ్చింది. ఎలా వచ్చిందో వివరంగా చెప్పడం బాగుండదు గానీ, ఆ విసురుకు గుహలో ధూళి లేచింది, తొమ్మిది దీపాలూ ఒక్కసారి ఆరిపోయాయి.

చిమ్మచీకటి. ఏడుపు లేదు. ఆ నిశ్శబ్దానికి పేరిందేవికి ఏడుపుకన్నా ఎక్కువ భయం వేసింది. అక్క దీపం ఆరిపోయింది. లేచి వెళదామంటే కాళ్ళ మీద పిల్లవాడు గురకపెడుతున్నాడు. కదలలేక, అక్కను పిలవలేక, వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు చీకట్లో ఎవరో దగ్గారు. ఒక గరిటె కింద పడ్డ చప్పుడైంది. వెచ్చని చెయ్యి ఒకటి ఆమె తల నిమిరింది.

"మెల్లగా ఏడు అమ్మడూ, పిల్లాడు లేస్తాడు" అంది నాంచారి.

వత్తిలో నూనె పూర్తిగా ఇంకిపోకముందే ఏడుపు ఆగింది కాబట్టి తొమ్మిదిమందీ మళ్ళీ మనుషులయ్యారు. మాట ప్రకారం ధూమకేశి పదిమందినీ తానే మోసుకుపోయి కొండ దింపింది. దారి పొడుగునా కొడుక్కు ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో అడిగిందే అడిగింది. విరజాపురంలో ఆ సాయంత్రమే ఆవులు చేపి పాలిచ్చాయి. రాజు పేరిందేవిని అంతఃపురానికి పెద్దదాదిని చేస్తానన్నాడు. పల్లెల్లో పురుళ్ళ పని తనకు చాలని ఆమె ఒప్పుకోలేదు. సేనాపతి తన బాకు సంగతి అడగనేలేదు.

ఇంటికి వెళుతూ నాంచారి అంది: "కంచులో ఉన్నా నాకు అన్నీ కనిపించాయే. ఆ ఆముదం నాకోసమే తెచ్చావు కదూ?"

పేరిందేవి తల వంచుకుని అవునంది. వాడికి పోసేశానని నెమ్మదిగా ఒప్పుకుంది.

నాంచారి చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను భయపడి వాడికి మాంసం పెట్టాను. నువ్వు నాకు పోసి ఉంటే, ఇద్దరం భయపడ్డవాళ్ళమే అయ్యేవాళ్ళం" అంది.

ఆ తరవాత అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎన్ని వందల పురుళ్ళు పోశారో లెక్కలేదు. ఏ ఇంటికి వెళ్ళినా పేరిందేవి ముందు తల్లి మాట విని, ఆ పైన బిడ్డ కడుపు మీద చెయ్యి వేసి, తనకు తెలిసింది భయపడకుండా చెప్పేది.