మూడో వద్దు

"ఆగు! ఆగాగాగు! కాలు కింద పెట్టకు!"

కెమెరా వెనక నుంచి కైసా వేసిన కేక నల్లరాతి కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది. రూబెన్ ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. రాత్రంతా కురిసిన మంచు ఒడ్డు నుంచి కొండ మొదలు దాకా పిట్ట కాలు కూడా పడకుండా పరుచుకుని ఉంటే, దాని నట్టనడుమ అతని బూట్ల గుంటలు. నాటిన మడిలో గేదె నడిచినట్టు.

"కాఫీ ఇద్దామని వచ్చా," అన్నాడు ఫ్లాస్కు పైకెత్తి చూపిస్తూ.

"నేనడిగానా?"

"చేతులు కొంకర్లు పోతున్నాయని నువ్వే కదా అన్నావ్!"

"అన్నాను. కాఫీ తెమ్మన్నానా?"

"పోనీ, ఇప్పుడు అడుగుతున్నా. తాగుతావా?"

"వద్దులే."

రూబెన్ మూత తీసి తనే తాగేశాడు. కైసా చూసిన చూపుకి ఆ కాఫీ గొంతులోనే గడ్డకట్టాలి. తను చేసిన తప్పేమిటో అతనికి అర్థం కాలేదు. ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డుకి వచ్చిన రెండేళ్లలో అతనికి అర్థమైంది చాలా తక్కువ.

అతనిది న్యూజెర్సీ. అక్కడ ఆకలేస్తే ఆకలి అంటారు, ఒళ్లు మండితే మొహానే తిడతారు. ఇక్కడ దులూత్ రేవులో ఇనుపరాయి మోసే ఓడ మీద పని. చలికాలం సరస్సు బిగుసుకోగానే ఓడలు కట్టేస్తారు, మనుషులు ఖాళీ. ఆ ఖాళీలో కైసాకి కారు తోలిపెట్టడం అతనికి అలవాటైంది. ఏటా క్యాలెండర్ కోసం ఆమె ఈ ఒడ్డు పొడుగునా మంచునీ రాళ్లనీ ఫోటోలు తీస్తుంది. ఈసారి జనవరి పేజీ ఒక్కటే మిగిలింది.

అతనికి మిగిలింది ఈ ఒక్క రోజు. న్యూజెర్సీలో బాబాయికి ఓడల్ని లాగే పడవ ఉంది. మనిషి కావాలి, వస్తావో రావో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

వెళ్లాలని రూబెన్‌కి లేదు. ఉండటానికి కారణమూ లేదు. ఉన్న ఒక్క కారణం అక్టోబరులోనే పోయింది. ఆ రోజు చేపలకి పొగబెట్టే షెడ్డులో ఇద్దరూ కట్టెలు పేరుస్తున్నారు. పొగకి కళ్లు మండుతుంటే అదే ధైర్యమనుకుని అడిగేశాడు: "కైసా, మనం పెళ్లి చేసుకుందామా?"

"అయ్యో, నాకోసం నీకెందుకంత శ్రమ! వద్దులే," అంది కైసా.

"సరే," అని రూబెన్ ఇంకో కట్టె అందుకున్నాడు. కాదన్న పిల్ల వెంటపడి మళ్లీ అడిగేవాడు మనిషే కాదని వాళ్లమ్మ చిన్నప్పుడే చెవి మెలేసి చెప్పింది.

కారు మళ్లీ రోడ్డెక్కింది. ఒకపక్క మంచు మోస్తున్న అడవి, రెండోపక్క పొగలు కక్కుతున్న సరస్సు. కారు హీటర్‌కి కైసా కాళ్లంటేనే ఇష్టం, రూబెన్ కాళ్ల జోలికి రాదు.

"ఆపు. కాదు, కొంచెం ముందుకి. అబ్బా, మరీ అంత ముందుకా! వెనక్కి."

"వెనక కలప లారీ వస్తోంది తల్లీ. దాన్నీ వెనక్కెళ్లమంటావా?"

"వెలుతురు పోయింది. పోనీయ్."

ఆమె చలికి చచ్చిన కెమెరా బ్యాటరీని చంకలో పెట్టుకుని వెచ్చజేస్తోంది. వేళ్లు ఎర్రగా కమిలిపోయాయి.

"నా గ్లౌజులు వేసుకో," అన్నాడు.

"వద్దులే."

"సరే." మళ్లీ తనే తొడుక్కున్నాడు. కైసా పళ్లు పటపటమన్నాయి. చలికే అనుకున్నాడు.

ఆమె కారు అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగింది. "మీ బాబాయికి ఏం చెప్తున్నావ్?"

"ఏం చెప్పమంటావ్?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం కాదు, నీ మాట అడుగుతున్నా."

"మీ ఇంటి విషయం. మధ్యలో నేనేం చెప్తాను?"

రూబెన్ స్టీరింగ్ మీద ఒక్కటిచ్చాడు. హారన్ మోగింది. ఎదురొస్తున్న ముసలాయన ఎవరో పలకరించారనుకుని చెయ్యెత్తి ఊపి పోయాడు.

మధ్యాహ్నానికి ఎల్మా పెద్దమ్మ ఇల్లు చేరారు. ఆవిడ కైసా తల్లికి అక్క. పొగబెట్టిన చేపలు అమ్ముతుంది. అక్టోబరు నాటి షెడ్డు ఆవిడదే. వాళ్లు బూట్లు విప్పేలోపే యాలకుల రొట్టె బల్ల మీదికి వచ్చింది.

"తినవే కైసా."

"వద్దు పెద్దమ్మా, ఆకలి లేదు."

"వేడిగా ఉంది, తిను."

"నీకెందుకు శ్రమ, వద్దులే."

"ఒక్క ముక్కే!"

"సరే, నువ్వంతగా అంటున్నావు కాబట్టి, చిన్న ముక్క." అని సగం రొట్టె లాగించి, వెలుతురు బాగుందంటూ కెమెరా తీసుకుని ఒడ్డుకి వెళ్లిపోయింది.

పెద్దమ్మ రొట్టె రూబెన్ వైపు జరిపింది. ఎప్పుడొచ్చినా పెట్టిందే తడవుగా తినేవాడు. ఆవిడ కనుబొమ్మలు పైకి లేచేవి. ఇవాళ ముద్ద దిగేలా లేదు.

"వద్దు పెద్దమ్మా."

"తిను నాయనా."

"నిజంగా వద్దు."

"కొంచెం..."

"ఒకసారి వద్దంటే వద్దని కాదా ఈ ఊళ్లో?" అరిచేశాడు.

ఎల్మా పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఒకసారి వద్దంటే వద్దని ఎలా అవుతుందయ్యా? మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు మొహమాటానికి. మూడోసారి కూడా వద్దంటే, అది వద్దు. అడగ్గానే ఎగబడి తీసుకుంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారు?"

రూబెన్ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "కాఫీ అయినా ఇంతేనా?"

"కాఫీ అయినా, గ్లౌజులయినా, ఏదైనా అంతే."

"ఏదైనా అంటే... పెళ్లయినా?"

పెద్దమ్మ చేతిలోని కత్తి కింద పెట్టింది. "దాన్ని అడిగావా?"

"అడిగా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"ఎప్పుడు?"

"అక్టోబరులో."

"ఓరి దేవుడా! అక్టోబరు నించి పిల్ల ఎదురుచూస్తూ కూర్చుందా! అందుకే క్రిస్మస్ పండగనాడు ఉత్తిపుణ్యానికి నామీద అరిచింది. నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? లే!"

రూబెన్ టోపీ కూడా పెట్టుకోకుండా బయటపడ్డాడు.

ఒడ్డున అలలు ఎత్తిపోసిన మంచు పలకలు నీలంగా ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. వాటి ముందు మళ్లీ ఎవరూ తొక్కని తెల్లని మంచు. కైసా ఊపిరి బిగబట్టి కెమెరాలోకి చూస్తోంది. ఆ ఫ్రేమ్‌లోకి టోపీ లేని ఒక తల, రెండు బూట్లు అడ్డంగా పరుగెత్తుకొచ్చాయి.

"రూబెన్! నీకు పిచ్చా? పొద్దున ఒకటి చాలదా?"

"కైసా, మనం పెళ్లి చేసుకుందామా?"

"అయ్యో, వద్దులే, నీకెందుకు..."

కైసా చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. పుట్టినప్పటి నుంచీ అలవాటైన నోరు, మనసుని అడక్కుండానే జారిపోయింది.

రూబెన్ మొహం మాత్రం విప్పారింది. "హమ్మయ్య. ఇది రెండోది." తీరిగ్గా మంచు పలక మీద కూర్చుని జేబులో చేతులు పెట్టుకున్నాడు.

"ఏంటలా కూర్చున్నావ్?"

"ఏం లేదు. చలి బాగుంది."

"ఇంకేం అడగవా?"

"ఏం అడగాలి?"

"నా నోటితో చెప్పించకు!"

"వెలుతురు పోతుంది, ముందు ఫోటో తీసుకో."

"ఫోటో సరస్సులో పడనీ! అడుగు, రూబెన్. అక్టోబరు నించి నీ మొహం చూస్తున్నా. కాఫీ నువ్వే తాగావు, గ్లౌజులు నువ్వే వేసుకున్నావు. ఇక న్యూజెర్సీ కూడా ఒక్కడివే పోదామనుకున్నావా?"

రూబెన్ నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి గ్లౌజులు తీశాడు. ఈసారి అడక్కుండానే ఆమె చేతులకి తొడిగాడు. "కైసా, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె ముక్కు ఎగబీల్చి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుంది.

"సరే, నువ్వంతగా అంటున్నావు కాబట్టి."

"చిన్న ముక్కేనా?"

"నోర్ముయ్. మొత్తం."

షెడ్డు తలుపు దగ్గర ఎల్మా పెద్దమ్మ ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంది. ఎవరూ అడక్కుండానే, పొగ అని చెప్పింది.

పొద్దు వాలకముందే రూబెన్ ఫోన్ చేశాడు. "బాబాయ్, నేను రాను." అవతల ఏదో అన్నారు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

"ఏమన్నాడు?" కైసా ఆత్రంగా అడిగింది.

"సరే అన్నాడు."

"అంతేనా? మళ్లీ అడగలేదా?"

"లేదు."

కైసా మొహం చిట్లించింది. "ఛీ! సొంత బాబాయి అయ్యుండి! ఎంత మర్యాద లేని మనిషి!"