లెక్కలోకి రాని చాయ్

ఉమాకాంత్ కార్ఖానా నుంచి తెచ్చిన నూలు తూచే కాంటాను మెస్ బల్ల మీద పెట్టి, కంచంలో అన్నం దాంట్లోకి ఒంపాడు. తింటున్నవాళ్లంతా చేతులు ఆపి చూశారు. వడ్డిస్తున్న ఊర్మిళ కూడా గరిటె పట్టుకుని చూసింది. మంచి చూపేమీ కాదది.

అది 1996 వానాకాలం. సూరత్ నవాగామ్‌లో తెలంగాణ నుంచి వచ్చిన మగ్గాల పనివాళ్లకు ఇంటి తిండి దొరికేది బుచ్చవ్వ మెస్‌లోనే. ఊర్మిళ ఆమె మనవరాలు. ఉమాకాంత్ పక్క గల్లీ కార్ఖానాలో మగ్గం నడుపుతాడు. మోకాళ్ల నొప్పులని పోతే డాక్టర్ క్యాలరీల చార్ట్ ఒకటి చేతిలో పెట్టి, బరువు తగ్గకపోతే నిలబడి చేసే పని మానుకోమన్నాడు. మగ్గం మానితే ఊరెళ్లిపోవాలి. ఊరెళ్తే ఊర్మిళ కనపడదు. ఈ చివరి ముక్క అతను డాక్టర్‌కు చెప్పలేదు, ఊర్మిళకు అసలే చెప్పలేదు.

చార్ట్ కంఠతా పట్టి, ప్రతి ముద్దా లెక్కేసి తిన్నాడు. నెల తిరిగేసరికి కిలో పెరిగాడు. తన లెక్క తప్పదు కాబట్టి మోసం వంటింట్లోనే ఉందని తేల్చుకున్నాడు. తనకు వడ్డించేటప్పుడు ఊర్మిళ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వడం గుర్తొచ్చి అనుమానం ఇంకా ముదిరింది.

అన్నం తూకం సరిగ్గానే ఉంది.

"పప్పుల నెయ్యి గిట్ల కలుపుతున్నరా?" అని అడిగాడు.

"నీకొక్కనికే నెయ్యి పోస్తమా? నువ్వేమన్న మా ఇంటి అల్లునివా?" అంది బుచ్చవ్వ లోపల్నుంచి.

అందరూ నవ్వారు. ఊర్మిళ నవ్వలేదు. ఎదురుగా కూర్చుని, నిన్న పొద్దున్నుంచి తిన్నదంతా చెప్పమంది. అతను రొట్టెలు, పప్పు, అన్నం, అరటిపండుతో సహా గడగడా ఒప్పజెప్పాడు.

"చాయ్ ఏది?"

"చాయ్ తిండెట్లయితది?"

"పాలు తిండి గాదా? చక్కెర? ముంచుకునే ఖారీ బిస్కెట్లు?"

ఉమాకాంత్ పెదవులు కదిలాయి. ఆ తియ్యటి చాయ్ ఒక్కోదానికి దగ్గర దగ్గర వంద క్యాలరీలు. రోజుకు ఆరు, అన్నీ ఈ మెస్‌లోనే. ఖారీలు వేరే. కలుపుతూ పోతే ఇంకో పూట భోజనం తేలింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఇప్పుడు అనుమానపడటం ఊర్మిళ వంతు. "మీ కార్ఖానాల సేఠ్ చాయ్ ఇస్తడు గదా. వానల తడుసుకుంట గీడిదాంక ఎందుకొస్తవ్?"

లోపల బుచ్చవ్వ గిన్నెలు కడగడం ఆపేసింది.

"నిన్ను జూద్దామని," అన్నాడు కాంటా వైపు చూస్తూ. "వట్టిగ వస్తే అవ్వ ఏమనుకుంటదోనని చాయ్ అడుగుత."

ఊర్మిళ లేచి లోపలికి పోయింది. అయిపోయింది, ఇక మెస్‌లోకి కూడా రానివ్వదనుకున్నాడు. అంతలో గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"చక్కెర లేదు. ఖారీ లేదు. ఇగ రోజూ గిదే. చక్కెర కోసమొస్తున్నవో నా కోసమొస్తున్నవో నేను గూడ జూస్త."

చాయ్ వగరుగా ఉంది. ఆమె కళ్లు చిన్నవి చేసి అతని మొహమే చూస్తోంది. ఉమాకాంత్ అడుగు దాకా తాగి గ్లాసు ముందుకు జరిపాడు.

"ఇంకోటి పొయ్యి. రాత్రికి ఒక రొట్టె తగ్గించు."

ఊర్మిళ చున్నీ అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.