తిప్పమ్మ పలకని పేరు

సోమవారం వచ్చిందంటే తిప్పమ్మ హడావిడి చూడాలి. పొద్దు పొడవకముందే స్నానం చేసి, తలకు ఇంత నూనె రాసుకుని, పెట్టెలో దాచుకున్న ధర్మవరం చీర కట్టుకుని వసారాలో గోడకానుకుని కూర్చుంటుంది. ఎదురుగా ఇత్తడి చెంబు, చెంబుకు ఆనించి కోడలి సెల్‌ఫోను. పెనుకొండ కొండ మీద ఎండ కాస్త చురుక్కుమనే వేళకు ఆ ఫోను మోగుతుంది. సముద్రం అవతల ఫిలిప్పీన్స్ దేశంలో ఉన్న మనవరాలు వెన్నెల వారానికొక్కసారి, ఆ సోమవారం నాడే, ముఖం కనబడేట్టు ఇంటికి మాట్లాడుతుంది.

"అత్తా, ఇంగా టైముండాది. ఉగ్గాణి సల్లారిపోతాది, తిందువు రా" అని వంటింట్లోంచి కోడలు యశోద పిలిచింది.

"దాని మొకం చూసినాక తింటాలే. ఈ ఫోనులో చార్జింగుండాదా, సూడు."

"నిండుగా ఉండాది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు అడుగుతావు?"

"నువ్వు మాత్రం ఆ గ్యాసు పొయ్యి ఎన్నిసార్లు తుడుస్తావు? నీకూ ఆత్రమే, నాకూ ఆత్రమే."

యశోద నవ్వేసింది. అత్తాకోడళ్లు పోట్లాడుకోకుండా కూర్చునే పూట అదొక్కటే మరి.

ఆ ఇంట్లో సోమవారమంటే ముఖం మాడ్చుకునేవాడు ఒక్కడే, వెన్నెల తండ్రి నాగేష్. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని. ఇంట్లో ఉన్నాడంటే చాలు, ఆ ఫోను మోగేసరికి ఇంటి వెనక గొర్రెల దొడ్లోకి వెళ్లిపోతాడు. ఉన్నవి నాలుగే గొర్రెలు. వాటికి గడ్డి వేయడానికి అంతసేపు పడుతుందా? పడదు. ఫోను పెట్టేసిన సద్దు వినిపించేదాకా అక్కడే నిలబడతాడు.

సంగతేమిటంటే, వెన్నెల బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు గదిలో కూడా ఉన్న రోజా అనే అమ్మాయితో మోర్మన్ చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. మనసుకు నచ్చి అందులో చేరింది. ఆ చర్చిలో వయసు పిల్లలు కొంతకాలం ఇల్లూ ఉద్యోగమూ వదిలి, పంపిన చోటికి వెళ్లి సేవ చేసి వస్తారట. ఆడపిల్లలకు ఏడాదిన్నర. నేనూ పోతానని వెన్నెల అన్ననాడు ఇంట్లో పొయ్యి వెలగలేదు. తాతముత్తాతల నాటి దేవుళ్లుండగా ఇదేం పోయేకాలమని నాగేష్ అరిచాడు. పిల్ల ఏడ్చింది గానీ మాట మార్చుకోలేదు. బయల్దేరిన రోజు దొడ్లోకెళ్లి "నాయనా, పోయొస్తా" అంటే, గడ్డి కోస్తున్న నాగేష్ వెనక్కి తిరగలేదు. అప్పటినుంచి ఆ తండ్రీకూతుళ్ల మధ్య మాట లేదు.

తిప్పమ్మకు మొదట్లో దిగులే. తరువాత తరువాత వారంవారం వింటూ ఉంటే, ఆ పిల్ల బతుకు ఆమెకు తెలిసిన బతుకులాగే అనిపించసాగింది. తెల్లవారకముందే లేస్తారు. చదువుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు. చీలమండల దాకా పావడా, భుజాన సంచి, ఎండలో వీధివీధీ నడక. ఎప్పుడూ ఇద్దరే. ఒకరిని విడిచి ఒకరు పోకూడదు. వెన్నెలకు జోడు టోంగా అనే దీవి నుంచి వచ్చిన పొడుగాటి పిల్ల. కొందరు తలుపు తీసి కూర్చోమంటారు, కొందరు మొహం మీదే మూస్తారు. ఎవరేది పెడితే అది తినాలి. తిప్పమ్మ మొగుడు కూడా అంతే కదా! మందను తోలుకుని, తోటి కాపరి ఆదినారాయణను జోడు చేసుకుని, నెలల తరబడి కన్నడ సీమ దాకా తిరిగినవాడు. ఒకడు కునుకు తీస్తే ఒకడు మేలుకుని, తెలియని ఊళ్లో తెలియని చేనులో పడుకున్నవాడు.

ఒక్కటే ఆమెకు మింగుడుపడలేదు. ఆ చర్చివాళ్లు కాఫీ, టీ ముట్టరట. "ఈళ్ల దేముడికి కాఫీ ఏం అన్యాయం చేసిండాదే?" అని అడిగితే వెన్నెల పడీపడీ నవ్వింది.

మొగుడంటే గుర్తొచ్చింది, తిప్పమ్మ సంగతొకటి చెప్పాలి. పెళ్లినాటి నుంచి ఆమె మొగుడి పేరు నోటితో పలికి ఎరగదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా అంతే. రేషన్ కార్డు దగ్గర అడిగితే పక్కవాళ్ల వైపు చూస్తుంది. ఆయన పేరు నల్లప్ప. అందుకని నలుపు అనే మాట కూడా ఆమె నోట రాదు. దొడ్లో నల్ల గొర్రె ఒకటుంది. ఊరంతా నల్లది అంటుంది, తిప్పమ్మ మాత్రం కర్రిది అంటుంది.

ఆ సోమవారం ఫోను ఇంకా మోగకముందే వాకిట్లో ఆటో ఆగింది. హిందూపురం నుంచి పెద్దకూతురు సరోజమ్మ దిగింది. వెన్నెల హైస్కూలు చదివిందంతా ఆమె ఇంట్లోనే. ఎత్తి పెంచిన మేనత్త.

"ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చినావు?"

"చెప్పేది ఫోనులో చెప్పేది కాదుమా. రేయ్ నాగేషా, ఈడికి రా" అంటూ సరోజమ్మ చెప్పులు విడిచి కూలబడింది. "ధర్మవరం సంబంధం. పిల్లోడు అనిల్ కుమార్, బ్యాంకులో పని. మన పాప ఫోటో చూసి ఇష్టపడినారు. వచ్చే నెలలో పిల్ల ఈడుండల్లంట. లేకపోతే వేరే సంబంధం చూసుకుంటామని చెప్పేసినారు."

దొడ్లోంచి వచ్చిన నాగేష్ చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు. "అది చేస్తాండే పనేందో చెప్పినావా వాళ్లకు?"

"చెప్పినా. దానికేం అనలేదు గానీ..." సరోజమ్మ గొంతు తగ్గించింది. "ఆ పిల్లోడి తల్లి ఒక మాట అడిగింది. ఆడికి పోయినోళ్లకు పేర్లు మార్చేస్తారంట కదా, మీ పిల్లకు ఏం పేరు పెట్టినారు అని. నాకు తల కొట్టేసినట్లయిందిరా. రొమ్ము మీద ఏదో పేరు రాసిన బిళ్ల పెట్టుకొని తిరుగుతాందంట. ఆడ ఎవురూ వెన్నెలా అని పిలవరంట."

నాగేష్ ముఖం గట్టిపడింది. "దేముణ్ని మార్చుకునింది. పేరు కూడా మార్చుకునిందా?"

"ఏం మార్చుకోలేదురా" అంది తిప్పమ్మ.

"అయితే ఏమని పిలుస్తారు? వారం వారం మాట్లాడతావు కదా, చెప్పు."

తిప్పమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. మొదటి వారమే విన్నది ఆ పిలుపు. ఆ పొడుగు పిల్ల నోట, వీధిలో పిల్లల నోట అది మళ్లీ మళ్లీ వినాలని కూడా సోమవారాల కోసం కాచుక్కూర్చునేది. కానీ చెప్పమంటే ఎలా చెప్తుంది?

"నేను పలికే పేరు కాదురా అది" అంది చివరకు.

"చూసినావా అక్కా! ఇంట్లో ఆడోళ్లు నోటితో చెప్పలేని పేరంట!"

"అది కాదురా, ఇనుకో..."

"యశోదా, నువ్వన్నా చెప్పు!"

యశోద అత్త వైపు చూసి తల దించుకుంది. మామ పేరు ఆమె కూడా ఏనాడూ అనలేదు. ఏమని విప్పి చెప్పాలా అని మాట వెతుక్కుంటూ ఉండగానే చెంబుకు ఆనించిన ఫోను మోగింది. నాగేష్ వంగి, తల్లి చేతికందకముందే దాన్ని తీసుకున్నాడు.

తెర మీద వెన్నెల. పావడా అంచు నడుముకు దోపి, మోచేతుల దాకా సబ్బు నురగ. వెనక రేకుల కొట్టం, తీగ మీద బట్టలే బట్టలు. మొన్నటి తుఫానుకు వీధంతా బురద మేట వేసిందని, పక్కింటి ముసలమ్మ దుప్పట్లు కూడా తామే ఉతుకుతున్నామని పోయిన వారమే చెప్పింది. ఫోనులో అవ్వ కనబడుతుందనుకున్న పిల్లకు తండ్రి ముఖం కనబడింది.

"నాయనా!" అంది. నవ్వింది. నవ్వుతూనే కళ్లు నిండాయి. "నువ్వా నాయనా? నాతో మాట్లాడతాండావా?"

ఎంత చిక్కిపోయింది పిల్ల! ఎండకు ఎంత కమిలిపోయింది! అయినా నాగేష్ అనుకున్నది అనేశాడు.

"ఇనుకో. ధర్మవరం సంబంధం వచ్చిండాది. వచ్చే నెలకు వచ్చేయల్ల. రాకపోతే ఇంగ రానే వద్దు. పేరే మార్చుకునినాక నీకూ ఈ ఇంటికీ ఏముండాది? నువ్వు యాడైనా ఉండు, నాకు కూతురు లేదనుకుంటా."

వెన్నెల నవ్వు అలాగే ఆగిపోయింది. నాగేష్ బొటనవేలు ఫోను పెట్టేసే ఎర్ర గుర్తు మీదికి పోయింది.

తిప్పమ్మ లేచిన వేగం ఎవరూ చూడలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి కొడుకు మణికట్టు పట్టుకుంది.

"నల్లప్ప!" అంది.

సరోజమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తల్లి నోట వినని మాట అది.

"నల్లప్ప అంటారురా దాన్ని. ఆడ పెద్దోళ్లూ పిల్లోళ్లూ అందురూ అట్లనే పిలుస్తారు. ఆ సేవకు పోయినోళ్లను ఇంటిపేరుతో పిలుస్తారంట. పాపను బడిలో చేర్చిననాడు అయ్యోరు ఇంటిపేరడిగితే, మా నాయన పేరే రాసుకోండని చెప్పింది నువ్వు కాదా? అదే దాని ఎంబడి పోయింది. ఎవురూ ఏం మార్చలేదు." తిప్పమ్మ పట్టిన మణికట్టు వదల్లేదు. "నేను పలకగూడని పేరు గనకనే చెప్పలేకపోతిని. నువ్వు దాన్ని ఇల్లు దాటిస్తాంటే ఇంగ యాడ మూసుకునేది ఈ నోరు?"

అవతల వెన్నెల పరుగున లోపలికెళ్లింది. చొక్కాకు పెట్టిన బిళ్ల విప్పి తెచ్చి తెర దగ్గర పట్టుకుంది. తడి చేతికి బిళ్ల జారుతోంది. తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాగేష్ ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. సిస్టర్. నల్లప్ప. తండ్రి పేరు ఒక సమాధి రాతి మీదన్నా చెక్కించలేకపోయానని అతనికి ఎప్పటినుంచో బాధ.

"కొత్తలో ఈళ్లకు నోరు తిరగలేదు నాయనా" అంది వెన్నెల ముక్కు ఎగబీలుస్తూ. "మా తాత పేరు, సరిగ్గా పలకల్ల అని నేర్పించినా. ఎవురని అడిగితే, మంద తోలుకొని ఊరూరూ తిరిగినాడు, ఎరువు కోసమని అడిగినోళ్ల చేనంతా మంద నిలిపినాడు అని చెప్తా."

అప్పుడే పక్క ఇంట్లోంచి ముసలి గొంతు ఒకటి సాగదీసి పిలిచింది. "సిస్టర్ నల్లప్పా!" పొడుగు పిల్ల ఏదో జవాబు చెప్పి, తెరలోకి తల దూర్చి, "అవ్వా! తిన్యావా?" అంది. వెన్నెల నేర్పిన తెలుగు.

ఏడుస్తున్న సరోజమ్మకు నవ్వొచ్చేసింది. "ఓ యమ్మా, ఇదెవురే ఇంత పొడుగుండాది!" అంటూ ముక్కు చీదింది. "నేనే తప్పు మాట తెచ్చినా పాపా. ఆ సంబంధమోళ్లకు నేను చెప్పుకుంటాలే."

"ఏమని చెప్తావు?" అన్నాడు నాగేష్, ఫోను మీంచి చూపు తిప్పకుండానే.

"నేను చెప్తా ఇనండి" అంది తిప్పమ్మ. "సరోజా, నువ్వు పుట్టినావని కబురు పోయిననాడు మీ నాయన కన్నడ సీమలో ఉండె. రైతుకు మాటిచ్చిన చేను ముగిసినాకే వచ్చినాడు. నేను అలిగితే, మందను నడిమధ్యలో ఇడిసిపెట్టి వచ్చేవాడు నీకు మొగుడుగా కావాల్నా అన్యాడు. అంతే చెప్పు."

దేవుడి సంగతి నాగేష్‌కు ఇంకా నచ్చలేదు, నచ్చుతుందని కూడా ఎవరూ అనుకోలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని వసారా అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు.

"తిన్యావా?" అన్నాడు.

"ఇంగా లేదు నాయనా. ఈ దుప్పట్లు ఆరేసినాక."

"తిను. చిక్కిపోయినావు." ఫోను ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. "మాటిచ్చిన పని ముగించుకొనే రా. నడిమధ్యలో రావద్దు. ఆ బిళ్ల బద్రం, యాడా పోగొట్టుకోవద్దు. సంబంధాలదేముంది, ఆగేవాళ్లు ఆగుతారు."

వెన్నెల తల ఊపింది. నురగ చేత్తోనే కళ్లు తుడుచుకుని, సబ్బు మండి మళ్లీ ఏడ్చింది. యశోద కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లి, ఉగ్గాణి పళ్లెం తెచ్చి మొగుడి పక్కన పెట్టింది. ఆ రోజు నాగేష్ దొడ్లోకి వెళ్లలేదు. ఉగ్గాణి తింటూ, అక్కడ వాన పడిందా, మేకలుంటాయా, ఆ ముసలామెకు పిల్లలెవరూ లేరా అని కూతుర్ని అడుగుతూనే ఉన్నాడు.

గొర్రెలకు గడ్డి వేయడానికి తిప్పమ్మ ఒక్కతే వెళ్లింది. నాలుగింటిలో ఒకటి గోడ పక్కన ఒదిగి అటు తిరిగి నిలబడింది. తిప్పమ్మ ఇటూ అటూ చూసింది. ఎవరూ లేరు. పెళ్లికూతురిలా చెంపలు వేడెక్కుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నల్లదీ" అని పిలిచింది మెల్లగా. "రావే, తిందువు రా."