సగం కన్నా పెద్దదైన మూడో వంతు

"ఇంత చిన్న పాఠానికి వారం రోజులాండీ?" అన్నాడు ప్రమోద్, క్లాసు గుమ్మంలో నిలబడి.

ఐదో తరగతి లెక్కల టీచర్ ధనశ్రీ చాక్‌పీసు పక్కన పెట్టి అతని వైపు చూసింది. అతను పై తరగతులకు లెక్కలు చెబుతాడు. బెజవాడ నుంచి శక్తినగర్ కాలనీ స్కూలుకు వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే అందరికీ సలహాలు. ఆమెకు ఒళ్ళు మండింది.

"మరి మీరెట్ల చెప్తరు సార్?"

"అడ్డంగా గుణించమంటాను. ఏ భిన్నం పెద్దదో తేలిపోతుంది. అంతేగా!"

"తేలుతది. కని మా పిల్లలు సగం కన్నా మూడో వంతే పెద్దదంటున్నరు, రెండు కన్నా మూడు పెద్దది గదా అని. గుణిస్తే జవాబొస్తది, కండ్లకు గానొస్తదా?"

ప్రమోద్ గొంతు తగ్గించాడు. "రేపు హెడ్‌మిస్ట్రెస్ మీ పాఠం వినడానికి వస్తున్నారటగా. నేనేమైనా సాయం చేయనా?"

ధనశ్రీ దిగులూ అదే. ఆమెది టెంపరరీ పోస్టు. రేపటి పాఠం నచ్చితే పర్మనెంటు, లేకపోతే ఈ నెలతో సరి. రాయచూరు బజారులో నూనెల వ్యాపారం చేసే ఆమె తండ్రి వెంకోబరావు ముందే చెప్పేశాడు. పర్మనెంటు కాకపోతే ఆదివారం గుంతకల్లు నుంచి పెళ్ళివారు చూడ్డానికి వస్తారు. వాళ్ళకు ఉద్యోగం చేసే కోడలు అక్కర్లేదు. ఈ సంగతి స్కూలంతటికీ తెలుసు. ప్రమోద్‌కు మాత్రం నిద్ర పట్టనంతగా తెలుసు.

"రెండు జొన్నరొట్టెలు గావాలె. ఒకటి నేను తెస్త, ఒకటి మీరు తెండి. జూస్తం మీ సాయం!"

ఆమె లెక్కలో రొట్టె అంటే రొట్టే. పుట్టి బుద్ధెరిగాక ఏ ఇంట్లో చూసినా కంచం నిండా ఉండేదే. అందుకే ఎంత పెద్దది కావాలో చెప్పలేదు. పొరపాటంతా అక్కడే జరిగింది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ సత్యభామ వెనక బెంచీలో కూర్చున్నారు. ధనశ్రీ తన రొట్టెను మూడు ముక్కలు చేసి, ప్రమోద్ ఇచ్చిన డబ్బా మూత తీసింది. అందులో ఉన్నది అరచేయంత రొట్టె. అంచులు పగిలి, ఒక పక్క మాడింది. పిల్లలంతా చూస్తున్నారు. ఇక చేసేది లేక దాన్నే సగానికి కోసింది.

"ఏది పెద్దది?"

"మూడో వంతే టీచర్!" అని అరిచింది కీర్తి. క్లాసంతా ఔనంది. సత్యభామ కనుబొమలు పైకి లేచాయి.

ధనశ్రీకి గుంతకల్లు కళ్ళముందు మెదిలింది. రెండు రొట్టెల వైపూ మార్చి మార్చి చూసింది.

"ఈ రెండు ఒక్కతీరు రొట్టెలేనా?"

"కాదు టీచర్, అది పిల్ల రొట్టె!"

"మరి రెండిట్ల ముక్కల్ని పోల్చొచ్చునా?"

కీర్తి నాలుక కరుచుకుంది. "తప్పు టీచర్. ఒకే రొట్టెలో చూడాలి."

ధనశ్రీ తన మూడు ముక్కల్నీ కాగితం మీద గుండ్రంగా చేర్చి, చుట్టూ పెన్సిలుతో గీసింది. ముక్కలు తీసేసి, మధ్యలో అడ్డగీత గీసి, ఒక సగంలో ఒక ముక్క పెట్టింది. పక్కన చోటు మిగిలింది.

"సగమే పెద్దది!" అన్నారు పిల్లలు.

"నాలుగో వంతు పెడితే?" అని వెనకనుంచి సత్యభామ అడిగారు.

"ఇంకా చోటు మిగులుతుంది మేడమ్!"

ఆవిడ లేచారు. "పొరపాటు బాగానే పనికొచ్చింది ధనశ్రీ. సాయంత్రం ఆఫీసుకొచ్చి పర్మనెంటు ఆర్డరు తీసుకో."

సాయంత్రం బస్టాపులో వాన అందుకుంది. రేకుల కింద ధనశ్రీ, ప్రమోద్ ఇద్దరే ఉన్నారు.

"ఏ మెస్సుల దెచ్చిండ్రు సార్ ఆ రొట్టె?"

"మెస్సులో కాదండీ, నేనే చేశాను. ఎంత తట్టినా పగిలిపోయింది."

"కొంటే దొరకకపోవునా?"

"దొరుకుతుంది. కానీ మీరు అడిగింది నన్ను కదా. కొని తేవాలనిపించలేదు."

ధనశ్రీకి నవ్వొచ్చింది. అంతలోనే కళ్ళు చెమర్చాయి. ఇతనంటే తనకు ఇష్టమని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"గుంతకల్లు వాళ్ళు ఇక రారుగా?" అన్నాడతను.

"రారు. మా నాయిన మాట తప్పడు."

"అయితే ఆదివారం మా అమ్మానాన్నల్ని రమ్మననా?"

ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రమ్మనుండ్రి. గుంతకల్లోళ్ళొస్తరని మా అమ్మ ఇల్లంత సున్నం గొట్టించింది. లేకపోతె ఆ సున్నం ఊకె పోతది గద."